కోతి పెఱికిన మేకు: ఇంటి వడ్రంగపు కొట్టములో విద్యుద్రంపము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభలలో కావ్యములను గూర్చియు, కవులను గూర్చియు ప్రసంగించుట పరిపాటి. అట్టి సభలో రంపమును గూర్చిన ప్రసంగమేమని కొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. కాని గ్రంథాలయమునకు వచ్చు పాఠకులలో పొలము దున్నువారు కలరు, మగ్గము నేయువారు కలరు, కఱ్ఱపని చేయువారును కలరు. చదివిన మాట చేతిపనికి ఎన్నడును అక్కఱకు రానిచో ఆ గ్రంథము బీరువాకు బరువే గాని బుద్ధికి బలము కాదు. ప్రాచీనులు ఈ సంగతిని బాగుగ ఎఱుగుదురు. అందుచేతనే వారి కథలలో రాజులతోపాటు కుమ్మరులు, సాలెలు, వడ్రంగులు కూడ కనబడుదురు.

పంచతంత్రమున మిత్రభేదమునందలి కోతి కథ అందఱును విన్నదే. ఒక నగరము చెంత తోటలో ఒక వర్తకుడు దేవాలయము కట్టించుచుండెను. పనివాండ్రు మధ్యాహ్న భోజనమునకై ఊరిలోనికి పోయిరి. పోవునప్పుడు సగము చీల్చిన మద్దిమ్రాను నడుమ చండ్రమేకు దిగగొట్టి విడిచిరి. అంతలో కోతుల గుంపు వచ్చెను. అందొక కోతి ఆ మ్రానుపై కూర్చుండి మేకును రెండు చేతులతో పట్టి లాగెను. మేకు ఊడెను. రెండు చెక్కలును ఒక్క పెట్టున మూసికొనెను. నడుమ చిక్కిన కోతి ప్రాణములు విడిచెను. తనది కాని పనిలో తలదూర్చువాని గతి ఇట్టిదని కథకుడు చెప్పిన నీతి.

ఆ నీతి సత్యమే. అయితే కఱ్ఱపని ఎఱిగినవారు ఆ కథను విన్నచో అందులో మఱి మూడు పాఠములు కనబడును. చీల్చిన కొయ్య మరల మూసికొనజూచును. దానిని తెఱచియుంచునది నడుమనున్న మేకు. ఇది మొదటి పాఠము. మేకు అడ్డుగా నున్నదని తీసివేసినవాడే ముందు నలిగిపోవును. ఇది రెండవది. పనివాడు సగము పని విడిచి అన్నమునకు పోయిన చోటికి పని ఎఱుగనివారు వచ్చుదురు. ఇది మూడవది. నేడు ఇండ్లలో తిరుగుచున్న విద్యుద్రంపముల వలన కలుగు కీడులలో పెక్కు ఈ మూటిలో ఒకదానిని మఱచుట వలననే కలుగుచున్నవి.

పూర్వము దుంగను కోయుటకు ఇద్దఱు మనుష్యులు కావలెను. ఒకడు పైన నిలిచి, ఒకడు క్రింద గోతిలో నిలిచి రంపమును లాగుచుండెడివారు. ఆ రంపపు వేగము వారి భుజముల వేగమే. పంటికి వేలు తగిలినచో నొప్పి తెలియును, చేయి ఆగును, చేయి ఆగగానే రంపమును ఆగును. నేడు మోటారుకు నొప్పి తెలియదు. అది ఆగవలెనన్నచో మనుష్యుడు ప్రమాదమును చూచి, గ్రహించి, స్విచ్చును నొక్కవలెను. ఆ తరువాతను బ్లేడు కొంతసేపు తిరుగుచునే యుండును.

ఈ వేగమును ఊహకు విడువక లెక్కకు తెచ్చుట మంచిది. పది అంగుళముల బ్లేడు నిమిషమునకు 4,000 చుట్లు తిరుగుననుకొందురు గాక. దాని చుట్టుకొలత సుమారు 80 సెంటీమీటర్లు. అనగా దాని పంటి కొన గంటకు 190 కిలోమీటర్ల వేగముతో పరుగిడుచున్నది. కీడును కన్ను చూచుటకును, చేయి కదలుటకును నడుమ ఎంత చుఱుకైనవానికైనను సెకనులో ఐదవ వంతు పట్టును. ఆ లోపల బ్లేడు పదమూడు చుట్లు తిరిగి ముగించును. బ్లేడుకు నలువది పండ్లున్నచో, చేయి కదలుటకు పూర్వమే ఐదు వందలకు పైగా పండ్లు ఆ చోటు దాటిపోవును. కావున “ప్రమాదము వచ్చినప్పుడు చేయి లాగికొందును” అను ధైర్యము లెక్కకు నిలువదు. జాగ్రత్త పడవలసినది స్విచ్చు వేయుటకు ముందే.

ఇక మేకు సంగతి. బల్ల రంపములో బ్లేడు బల్ల నడుమనుండి పైకి వచ్చి తిరుగును. పనివాని వైపునున్న పండ్లు క్రిందికి దిగుచు కొయ్యను బల్లకు అదిమి కోయును. వెనుకవైపు పండ్లు పైకి లేచుచు పనివాని వైపునకు వచ్చును. ముందు పండ్లు మిత్రులు, వెనుక పండ్లు శత్రువులు. కోసిన కొయ్య వెనుక పండ్లకు తగులనంతవఱకు అంతయు క్షేమమే. కాని పచ్చికొయ్యయైనను, మెలితిరిగిన కొయ్యయైనను, లోపల బిగువున్న కొయ్యయైనను కోసిన వెంటనే రెండు చెక్కలు దగ్గఱకు జరిగి బ్లేడును పట్టుకొనును. అప్పుడు వెనుక పండ్లు ఆ కొయ్యను ఎత్తి పనివాని ఱొమ్ముమీదికి విసరును. దీనినే పనివాండ్రు వెనుకకు తన్నుట అందురు. తన్నిన కొయ్య కడుపునకో ముఖమునకో తగులుట ఒక కీడు. కొయ్యతోపాటు దానిని నొక్కియున్న చేయి బ్లేడు మీదికి ఈడ్వబడుట అంతకు మించిన కీడు.

దీనికి విరుగుడుగా బ్లేడు వెనుక, దానికి తిన్నగా, ఒక ఉక్కు రేకును నిలుపుదురు. ఆంగ్లమున దానిని రివింగు నైఫు అందురు. అది కోత సందులో నిలిచి చెక్కలను మూసికొననీయదు. అదియే చండ్రమేకు. దానిని మేకురేకు అని పిలిచినను తప్పులేదు. అది బ్లేడు రేకుకంటె మందముగాను, పండ్లు చేసిన కోత సందుకంటె పలుచగాను ఉండవలెను. మందము ఎక్కువైనచో కొయ్య ముందుకు జరుగదు. తక్కువైనచో చెక్కలు మూసికొనును. అది బ్లేడుకు కొద్ది మిల్లీమీటర్ల దూరముననే ఉండవలెను. ఒక బ్లేడు తీసి మఱొకటి బిగించినప్పుడెల్ల ఈ కొలతలు సరిపోవునో లేదో చూచుకొనవలెను.

అయినను యంత్రమును కొన్న వారమునకే మేకురేకును, పైనున్న కప్పును తీసి మూలకు విసరివేయువారు పెక్కుమంది. అడిగినచో “అది కంటికి అడ్డు, పనికి ఆలస్యము. పదేండ్లుగా లేకుండనే కోయుచున్నాము, ఏమైనది?” అందురు. ఈ వాదములో న్యాయము కొంత లేకపోలేదు. కొన్ని కోతలకు కప్పు నిజముగనే అడ్డు వచ్చును. కాని పదేండ్లు అప్పులవాడు ఇంటికి రాలేదన్నంత మాత్రమున అప్పు తీఱినట్లు కాదు. కప్పును తీసి, మరల పెట్టుటకు పట్టునది రెండు నిమిషములు. వేలు పోయినచో పోవునది ఆ మనుష్యుని జీవితములోని పని దినములన్నియు. ఏ పద్దు చిన్నదో, ఏ పద్దు పెద్దదో తెలియుటకు గణితము అక్కఱలేదు.

మేకురేకుతోపాటు మఱికొన్ని నియమములు కలవు. కొయ్యను గైడు పట్టీకి గాని, అడ్డకోతకు వాడు జారుడు కొలతకు గాని ఆనించియే కోయవలెను. వట్టి చేతితో పట్టి త్రోయరాదు. ఆ రెండింటిని ఒకేసారి వాడరాదు, ఏలయన తెగిన ముక్క గైడునకును బ్లేడునకును నడుమ ఇఱుకుకొని ఎగురును. గైడు పట్టీ బ్లేడుకు సమాంతరముగా నుండవలెను. బ్లేడు కొయ్యపైకి అర అంగుళము లోపుననే కనబడునట్లు దించుకొనవలెను. పనివాడు బ్లేడుకు తిన్నగా ఎదుట నిలువక ప్రక్కకు నిలువవలెను. చేయి బ్లేడుకు ఆఱు అంగుళముల దూరమునకు వచ్చినచో అక్కడినుండి పని చేతిది కాదు, తోపుడు కఱ్ఱది. ఒక మూర కఱ్ఱకు చివర గాడి తీసినచో తోపుడు కఱ్ఱ సిద్ధమగును. అది తెగినచో మఱొకటి చేసికొనవచ్చును. వేలును అట్లు చేసికొనజాలరు.

గ్రామములలో బల్ల రంపము కొనగలవారు తక్కువ. పెక్కుమంది చేతి రంపము మిషనును తలక్రిందులుగా బల్లకు బిగించి, దాని స్విచ్చు మీటను గుడ్డపీలికతో కట్టి బల్ల రంపముగా వాడుచున్నారు. దానికి మేకురేకు లేదు, కప్పు లేదు, గైడు లేదు, ఆపవలెనన్నచో స్విచ్చు కూడ లేదు. బోర్డు వద్దకు పరుగిడవలెను. ఇంతకంటె ప్రమాదకరమైన ఏర్పాటును కోరి చేయబోయినను కష్టమే. అట్టి బల్ల చేసికొనక తప్పనివారు మేకురేకును, కప్పును నిలుపుటకు అనువుగా దానిని చేయించుకొని, మోకాటితోనైనను నొక్కి ఆపగల స్విచ్చును బల్ల ముందుభాగమున పెట్టించుకొనవలెను.

చేతి రంపమును చేతిలోనే పట్టి వాడువారికి వేఱొక అపాయము కలదు. ఆ మిషనుకు క్రిందివైపు స్ప్రింగుతో కదలెడి కప్పు ఉండును. కోయునప్పుడు అది వెనుకకు జరుగును. కోత ముగియగానే తనంతట మూసికొనును. దానికి తీగ చుట్టియో, ముక్క చెక్కియో తెఱచియుంచుట కొందఱి అలవాటు. అట్లు తెఱచిన మిషనును తొడపై ఆన్చికొన్నవారు, నేలపై పెట్టి కాలు తగిలించుకొన్నవారు ఆస్పత్రుల పాలగుచున్నారు. బ్లేడు నిలిచిన తరువాతనే మిషనును క్రింద పెట్టవలెను. పలకను రెండు కొనలయందు మాత్రమే ఆన్చి నడుమ కోసినచో అది నడుమ క్రుంగి బ్లేడును పట్టును. మిషను వెనుకకు దూకును. తెగిపోవు భాగము స్వేచ్ఛగా క్రిందికి జాఱునట్లు ఆధారములను అమర్చుకొనవలెను.

మఱి యొక దురాచారము ఇటీవల ప్రబలినది. గచ్చు పలకలను, చలువఱాళ్ళను కోయు నాలుగు అంగుళముల మిషనుకు పండ్ల బ్లేడు తగిలించి కఱ్ఱ కోయుచున్నారు. చవుక, తేలిక, అందఱివద్దను దొరకును. కాని అది ఱాతికై పుట్టినది. ఱాతిని కోయు బిళ్ళకు పండ్లుండవు; అది అరుగదీయును గాని కఱచి లాగదు. కఱ్ఱ బ్లేడు కఱచును. ఆ మిషను నిమిషమునకు 12,000 చుట్ల వఱకు తిరుగును. అనగా పంటి వేగము గంటకు సుమారు 230 కిలోమీటర్లు. తనంతట మూసికొను కప్పు దానికి లేదు. ఇనుము అరుగదీయు గ్రైండరుకు పండ్ల బ్లేడు తగిలించుట దీనికంటెను ఘోరము. తనది కాని పనిలో చేయిపెట్టిన కోతి గతి మనుష్యునికే గాక పనిముట్టుకును వర్తించును. ఱాతి మిషను ఱాతినే కోయవలెను.

వేషధారణము కూడ విచారింపదగినదే. భుజముపై కండువా, వ్రేలాడు పంచె కొంగు, వదులు చేతుల చొక్కా, వేలికి ఉంగరము, మణికట్టున త్రాడు, స్త్రీలకు గాజులు, వ్రేలాడు జడ, పైట కొంగు, ఇవన్నియు తిరుగుచున్న ఇరుసుకు చేతులందించినట్లే. చేతికి తొడుగు వేసికొనుట క్షేమమని తలచువారు కలరు. తిరుగు బ్లేడు వద్ద అది పొరపాటు. ఉత్త చేతికి గాటు పడిన చోట తొడుగు నూలు పంటికి చిక్కి చేయి అంతయు లోనికి పోవును. తొడుగులు పలకలను మోయునప్పుడు వేసికొనవలెను, కోయునప్పుడు తీసివేయవలెను.

కన్ను, చెవి, ఊపిరి అనునవి నెమ్మదిగా పోవు ఆస్తులు. కంటికి అద్దములు తప్పవు. చెవి విషయమై వైద్యులు చెప్పు లెక్క ఇది: 85 డెసిబెల్ల ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలు సహింపవచ్చును, ప్రతి మూడు డెసిబెల్లకును ఆ కాలము సగమగుచు పోవును. రంపపు ధ్వని 100 డెసిబెల్లకు చేరినచో క్షేమకాలము కేవలము పదునైదు నిమిషములు. కావున చెవిబిరడాలు ఆడంబరము కాదు. ఇక రంపపు పొట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో కఱ్ఱదుమ్మును మనుష్యునికి క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చినది. ముక్కునకు మంచి ముసుగు కట్టుకొనవలెను. పొట్టును ఊదక తడిపియో, పీల్చు మిషనుతోనో తీయవలెను. వసారాలో కోసినచో ఆ దుమ్ము పసిపిల్లల పాలగ్లాసులోనికే పోవును.

విద్యుత్తును గూర్చి ఒకటి రెండు మాటలు. మూడు ముల్లుల ప్లగ్గులో మూడవ ముల్లు ఎర్తు తీగకై ఏర్పడినది. దానిని విఱిచి రెండు రంధ్రముల బోర్డులో గ్రుచ్చరాదు. 30 మిల్లీ ఆంపియరుల లీకుకే విడిపోవు రక్షక స్విచ్చును ఇంటి బోర్డులో పెట్టించుకొనవలెను. దీనికంటె ముఖ్యమైనది మఱొకటి. కోత నడుమ కరెంటు పోవుట గ్రామములకు క్రొత్త కాదు. పనివాడు స్విచ్చును అట్లే విడిచి, తేనీటికై లేచిపోవును. కరెంటు రాగానే యంత్రము తనంతట తిరుగనారంభించును. ఆ క్షణమున బల్లపై ఎవరి చేయి ఉండునో ఎవరు చెప్పగలరు? కరెంటు పోయిన వెంటనే స్విచ్చు ఆపి ప్లగ్గు లాగుట అలవాటు కావలెను. కరెంటు పోగానే తానే విడిపోయి, మరల నొక్కినగాని కలియని స్విచ్చులును కలవు. అవి బిగించుకొనుట మఱింత శ్రేయస్కరము.

ఇది కథలోని మూడవ పాఠము వద్దకు చేర్చుచున్నది. దేవాలయపు వడ్రంగులు మేకును విడిచి భోజనమునకు పోయిరి. ఇంటి కొట్టములో కోతికి బదులు పిల్లలు వచ్చుదురు. వారికి రంపము ఆటవస్తువు, స్విచ్చు పిలుపు. కావున అన్నమునకు లేచునప్పుడు ప్లగ్గు లాగి, దానిని చేతికి అందని చోట పెట్టవలెను. బ్లేడు మార్చునప్పుడు, చిక్కిన ముక్క తీయునప్పుడు, కొలత సరిచేయునప్పుడు కూడ ప్లగ్గు లాగవలసినదే. స్విచ్చు ఆపుట చాలదు. పాత ఇంటి దూలములను కోయువారు ముందుగా మేకులను, ఱాతి పలుకులను వెదకి తీయవలెను. అలసినవేళ, మాటలాడుచు, మద్యము సేవించి యంత్రము ముట్టరాదు.

అమెరికాలో ప్రతి సంవత్సరము సుమారు 30,000 మంది బల్ల రంపముల గాయములతో ఆస్పత్రుల అత్యవసర విభాగములకు వచ్చుచున్నట్లు అక్కడి ప్రభుత్వ సంస్థ అంచనా వేసినది. ఆ దేశమున స్టీవ్ గాస్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1999లో ఒక ఉపాయము కనిపెట్టెను. వేలు తగులగానే శరీరపు విద్యుద్వాహకతను గుర్తించి బ్లేడు సెకనులో 200వ వంతు లోపల ఆగిపోవును. పైన వేసిన లెక్క ప్రకారము ఆ కాలములో బ్లేడు చుట్టులో మూడవ వంతు మాత్రమే తిరుగవలసినది. 2004 నుండి అట్టి రంపములు అమ్మకమునకు వచ్చినవి. కాని అవి ఖరీదైనవి. మఱియు అవి వేలును కాపాడునే గాని కొయ్య వెనుకకు తన్నుటను ఆపవు. మేకురేకు అక్కఱ అక్కడను తీఱలేదు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను కీడు జరిగినచో ఏమి చేయవలెను? గాయముపై శుభ్రమైన బట్ట పెట్టి గట్టిగా అదిమి, చేతిని గుండెకంటె ఎత్తుగా ఉంచవలెను. కాఫీపొడి, పసుపు, సున్నము అద్దరాదు. తెగిన వేలును పాఱవేయరాదు. దానిని తడిపిన శుభ్రమైన బట్టలో చుట్టి, నీరు చొఱని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతికట్టి, ఆ సంచిని మంచు కలిపిన నీటిలో ఉంచవలెను. వేలు మంచుగడ్డకు నేరుగా తగులరాదు. 108కి ఫోను చేసి, వేలు అతుకగల శస్త్రవైద్యులున్న ఆస్పత్రికి ఎంత త్వరగా చేర్చిన అంత మేలు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తన 21వ విభాగమున కదలెడి యంత్రభాగములకు రక్షణగా కంచె ఉండవలెనని శాసించినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతా సంహితయు కార్మికుల రక్షణకే ఏర్పడినది. కాని తండ్రీకొడుకులు కలిసి పనిచేసికొను పెరటి కొట్టమునకు ఏ తనిఖీ అధికారియు రాడు. అక్కడ ఇంటి యజమానియే యజమాని, కూలి, తనిఖీదారు. మూడు ఉద్యోగములను ఒక్కడే చేయవలసి వచ్చినప్పుడు మూడవదానిని మఱచుట మనుష్య స్వభావము.

భారతమున ఏకలవ్యుడు గురుదక్షిణగా బొటనవ్రేలు నిచ్చెను. ఆ తరువాత మిగిలిన వ్రేళ్ళతో బాణము వేసినను పూర్వపు వేగము అతనికి దక్కలేదు. ఆ త్యాగమును యుగములుగా జనులు చెప్పుకొనుచున్నారు. రంపమునకు వేలు అర్పించిన వడ్రంగిని గూర్చి చెప్పువారెవరు? అతడు ఏ గురువుకును ఋణపడలేదు, అతని దక్షిణను ఎవరును కోరలేదు. వేలితోపాటు ఉలి పట్టు పోవును, చిత్రిక పట్టు పోవును, తండ్రినుండి వచ్చిన విద్యలో సగము పోవును. కొడుకు ఆ కొట్టమువైపు చూడనొల్లడు.

ఈ విషయమున గ్రంథాలయము చేయదగిన పని ఒకటి కలదు. యంత్రముతోపాటు పెట్టెలో వచ్చు సూచనల పుస్తకము తఱచుగా ఆంగ్లమున ఉండును, పెట్టెతోపాటు అటకెక్కును. పనివాండ్రు ఆ పుస్తకమును ఇక్కడికి తెచ్చినచో ఆంగ్లము వచ్చిన యువకులు సాయంకాలమున దానిని చదివి తెలుగున చెప్పవచ్చును. ముఖ్యమైన నియమములను పెద్ద అక్షరములతో వ్రాసి పఠనమందిరపు గోడకు తగిలింపవచ్చును. దాని నకలు ప్రతి కొట్టములో స్విచ్చు బోర్డు ప్రక్కన ఉండదగును. మొదటి పంక్తి “మేకు తీయవద్దు” అని, చివరి పంక్తి “లేచునప్పుడు ప్లగ్గు లాగుము” అని ఉన్నచో చాలును. ఆ కాగితము వలన ఒక్క వేలు నిలిచినను ఈ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు దీపము వెలిగించినది సార్థకమగును.

స్వస్తి.